బజర్ వైరు తీసిన రోజు

నేను ఉద్యోగమంతా లాంచీల మీద కరెంటు పని చేశాను. తొర్రూరులో ఈ మాట చెబితే ఇప్పటికీ కొందరు నవ్వుతారు. ఈ చుట్టుపక్కల లాంచీ తిరిగేంత నీళ్ళు ఎక్కడున్నాయని వాళ్ళ అనుమానం. నేను పనిచేసింది ఇక్కడ కాదు, గోదావరి మీద, కాళేశ్వరం దిగువన ఒక రేవులో. అది ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో ఉంది. మా నీటిపారుదల శాఖకు అక్కడ ఒక లాంచీ ఉండేది. మామూలు రోజుల్లో నది లోతు కొలిచేది, వరదొస్తే మనుషుల్ని దాటించేది.

మా వాడకట్టులో శిరీష అనే అమ్మాయికి ఈ మధ్య జలాశయంలో తిరిగే బోట్ల మీద ఎలక్ట్రీషియన్‌గా పని దొరికింది. చేరేముందు వచ్చి, "పెద్దనాయినా, ఈ పనిల అన్నిటికన్న కష్టమైంది ఏంది?" అని అడిగింది. "ఎండ" అని చెప్పి పంపించేశాను. ఆ అమ్మాయి వెళ్ళాక చాలాసేపు నాకే బాగా అనిపించలేదు. ఆమెకు చెప్పాల్సిన అసలు జవాబు ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఇందులో ఉండవు. అవి తెలుసుకుని ఎవరికీ ఉపయోగం లేదు.

జనగామ షాపు

మాది కొడకండ్ల. కొంచెం భూమి ఉన్న ఇల్లు. నాయిన నన్ను వరంగల్‌లో ఐటీఐలో వేశాడు. చేరిన కొన్నాళ్ళకే 1969 తెలంగాణ ఉద్యమం వచ్చింది. తరగతులు ఆగిపోయాయి. నేనూ అందరితో పాటు రోడ్డు మీదికొచ్చాను, గొంతు పోయేదాకా అరిచాను, వీపు మీద లాఠీ దెబ్బ తిన్నాను. మా ఉద్యోగాలు మాకు కావాలన్నాం. ఆ మాట అన్నందుకు నేను ఈనాటికీ సిగ్గుపడను. సిగ్గుపడేది ఆ కోపాన్ని తర్వాత ఎక్కడ వాడానో దానికి.

చదువు లేక ఊరికే తిరుగుతున్నానని నాయిన నన్ను జనగామలో ఖాజామియా షాపులో పెట్టాడు. ఖాజామియా లారీలకు, జీపులకు వైరింగ్ చేసేవాడు. సన్నగా, ఎప్పుడూ తెల్ల లాల్చీలో ఉండేవాడు. గ్రీసు పని చేస్తూ కూడా ఆ లాల్చీకి మరక అంటనిచ్చేవాడు కాదు.

ఒకరోజు పత్తి లోడు లారీ వచ్చి షాపు ముందు ఆగింది. వేడి చూపే మీటరు ముల్లు పూర్తిగా ఎర్రగీత మీదుంది. డ్రైవరు పరేషాన్‌లో ఉన్నాడు. నేను మీటరు చూసి, "ఇంజన్ కాలిపోతుంది, బండి ఇక్కడ్నే ఇడిచిపెట్టాలె" అని తీర్పు చెప్పేశాను.

ఖాజామియా టీ తాగుతున్నవాడు గ్లాసు కింద పెట్టాడు. "అరె తిరుపతీ, జర ఆగు. ముల్లు ఏం చెప్పింది?"

"ఇంజన్ కాలుతుందని."

"ఇంజన్ ఏం చెప్పింది?"

నేను ఇంజన్ వైపే పోలేదు. ఆయన గ్లాసెడు నీళ్ళు తెచ్చి ఇంజన్ తల మీద నాలుగు చుక్కలు చిలకరించాడు. చురుక్కుమనలేదు, ఊరికే జారిపోయాయి. మీటరు నుంచి ఇంజన్‌కు పోయే వైరు ఒకచోట తోలు ఒరిసిపోయి, రాగి బయటపడి, బండి ఇనుముకు తాకుతోంది. ముల్లు అందుకే పైకెక్కింది.

ఆరోజు ఆయన నేర్పిన పరీక్ష నా ఉద్యోగం మొత్తానికి పనికొచ్చింది. వేడిని తెలిపే చిన్న యూనిట్ ఒకటి ఇంజన్‌కు బిగించి ఉంటుంది. దాని మీది వైరు ఊడదీస్తే ముల్లు చల్లటి వైపు పడిపోవాలి. అదే వైరును ఇనుముకు తాకిస్తే వేడి వైపు ఎగరాలి. ముల్లు రెండు వైపులా కదిలిందంటే మీటరు మంచిదే, వైరు మంచిదే, తప్పు ఆ యూనిట్‌లో ఉంది. కదల్లేదంటే ఆ మీటరు చెప్పేది ఏదీ నమ్మకూడదు. ఈ పరీక్షకు అర నిమిషం పడుతుంది. శిరీషా, ఆ అర నిమిషం అని రాశానే, దాన్ని గుర్తుంచుకో.

సరంగు సూరిబాబు

డెబ్బైల మధ్యలో నాకు లాంచీ మీద ఉద్యోగం వచ్చింది. లారీకీ లాంచీకీ మీటర్లు ఒకటే, వైర్లు ఒకటే. తేడా అంతా తేమలో ఉంది. లారీలో పదేళ్ళుండే కనెక్షన్ నది మీద రెండు వానాకాలాలకు పచ్చగా చిలుము పట్టి పొడిపొడిగా రాలుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. లారీ చెడిపోతే రోడ్డు పక్కన ఆగుతుంది. నది మీద ఆగడానికి పక్క ఉండదు.

లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు. మా సరంగు సూరిబాబు రాజమండ్రి దిగువ మనిషి. అప్పటికే యాభై దగ్గర పడ్డాడు. చిన్నప్పటి నుంచి గోదావరి మీదే బతికాడు. చెప్పుల్లేకుండా నిలబడి చుక్కాని పట్టేవాడు. ఇంజన్ ఎట్లా ఉందో తన అరికాళ్ళకు తెలుస్తుందనేవాడు. నేను నమ్మేవాణ్ణి కాదు.

నేను చేరిన నెలలోనే ఒక తంటా వచ్చింది. హారన్ కొట్టిన ప్రతిసారీ మీటర్ల ముళ్ళన్నీ ఒక్కసారి ఎగిరేవి. ఫ్యాన్ వేస్తే వేడి చూపే ముల్లు పైకి జరిగేది, ఆపితే దిగేది. నాకంటే ముందున్న మనిషి రెండు మీటర్లు మార్చి చూశాడట. నేను మీటర్ల జోలికి పోలేదు. ఇంజన్ నుంచి బ్యాటరీకి వచ్చే ఎర్త్ పట్టీ విప్పాను. దాని కింద చిలుము మందంగా పేరుకుని ఉంది. గీకి, తుడిచి, బిగించాను. ముళ్ళన్నీ సర్దుకున్నాయి. అన్ని మీటర్లూ ఒకేసారి తప్పు చెబుతుంటే మీటర్లు మార్చకండి, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఎర్త్‌ను చూడండి.

"ఏమైందయ్యా రెడ్డీ?" అని సూరిబాబు నన్ను అడిగాడు.

"ఎర్త్ ఖరాబైంది. గిదంత గీకి బిగించిన. ఇగ పరేషాన్ లేదు."

ఆయన మోకులు లాగే కళాసీల వైపు తిరిగి, నా మాటను నా యాసలోనే అన్నాడు. "గిదంత గీకిండంట. ఇగ పరేషాన్ లేదంట." అందరూ నవ్వారు. మా ఊరి పక్క మనిషి, చేపలు పట్టుకుంటూ కళాసీగా చేరిన పోషన్న కూడా నవ్వాడు. "మీ మాట వింటే ఇంజను బజర్ కూడా నవ్వుద్దయ్యా" అన్నాడు సూరిబాబు.

ఆయన మనసులో విషం లేదని ఇప్పుడు తెలుసు. అందరినీ అట్లాగే అనేవాడు. కానీ అప్పుడు నాకు వీపు మీది లాఠీ దెబ్బ గుర్తొచ్చింది. ఆరోజు నుంచి ఆయనతో పనికి అవసరమైనంత మాటే మాట్లాడాను. ఐదారేళ్ళు అట్లాగే గడిచాయి.

మూడుసార్లు మోగింది

ఎనభైలు మొదలయ్యాయి. ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. లాంచీలో ఇంజన్ వేడెక్కితే మోగే బజర్ ఒకటుంది. వేడి చూపే మీటరుకు ఒక యూనిట్, ఈ బజర్‌కు ఇంకొకటి. రెండూ వేర్వేరు. ఇద్దరు సాక్షులున్నట్టు.

బజర్ ఒకరోజు నది మధ్యలో మోగింది. మీటరు చూస్తే ముల్లు మామూలుగానే ఉంది. వెతికితే బజర్ వైరు ఇంజన్ అదురుకు ఒరిసి ఇనుముకు తాకుతోంది. టేపు చుట్టాను. వారం తర్వాత మళ్ళీ మోగింది. మళ్ళీ అదే వైరు, ఇంకోచోట. మార్చడానికి కొత్త వైరు కావాలని రాసి పంపాను. రాలేదు.

మూడోసారి మోగినప్పుడు లాంచీ రేవుకు వస్తోంది. ముల్లు మామూలుగా ఉంది. ఇంజన్ ఆపేసరికి బజర్ ఆగింది. నేను ఇంజన్ గుంటలోకి దిగబోతుంటే సూరిబాబు పిలిచాడు.

"రెడ్డీ, ఇది వైరు కాదయ్యా. నా కాళ్ళ కింద ఇంజను తేడాగా ఉంది. ఇంకో మాట. పొద్దున్న ఇంజను స్టార్టు చెయ్యకముందు, చల్లగా ఉన్నప్పుడు కూడా ఆ ముల్లు అక్కడే ఉంది. మూణ్ణాలుగు రోజుల్నుంచీ చూస్తన్నాను. అసలు కదలట్లేదు."

చాలా విలువైన మాట అది. ఖాజామియా విని ఉంటే లేచి నిలబడేవాడు. చల్లటి ఇంజన్‌కు కూడా ముల్లు మధ్యలో ఉందంటే అది ఇరుక్కుపోయిందని అర్థం. ఇరుక్కున్న ముల్లును చూసి నేను బజర్‌ను అబద్ధాలకోరు అంటున్నానని అర్థం. నా దగ్గర అర నిమిషం పరీక్ష ఉంది. వైరు తీసి ఇనుముకు తాకిస్తే చాలు.

నేను ఏమన్నానో ఉన్నదున్నట్టు రాస్తాను. "మీరు నడుపుడు చూస్కోండ్రి. నా పని నాకు ఎర్కే."

ఆయన నా ముఖంలోకి చూసి, "సరేనయ్యా" అని ఒడ్డెక్కి వెళ్ళిపోయాడు. నేను ఆ పరీక్ష చేయలేదు.

అదే సాయంత్రం మా అసిస్టెంట్ ఇంజనీరు, ఏఈ సారు, రేవుకొచ్చాడు. ఆయనది నర్మెట్ట వైపు. నన్ను 'మనోడు' అనేవాడు. మర్నాడు వరద చూడటానికి పెద్ద ఇంజనీరు లాంచీ ఎక్కుతాడని చెప్పాడు.

"గా బజర్ మోగుతనే ఉంటదటగద. రేపు గదొక్కటి మోగొద్దు. నా ఇజ్జత్ పోతది."

"కొత్త వైరు వస్తే మారుస్త సార్."

"వైరు ఇప్పుడు ఏడికెళ్ళి తేవాలె? తీసెయ్. ఆయన పోయినంక పెట్టుకో."

బజర్ వెనుక ఉన్న కనెక్షన్ ఊడదీశాను. దాని కొసకు చక్కగా టేపు చుట్టి, బోర్డు వెనుకకు మలిచి పెట్టాను. ఊడదీయడం వేరు, టేపు చుట్టడం వేరు. టేపు చుట్టాక అది ఒక పని పూర్తయినట్టు కనిపిస్తుంది. ఈ సంగతి సూరిబాబుకు చెప్పాలని అనుకున్నాను. ఆయన ముందు నిలబడి మళ్ళీ 'గిదంత, గదంత' అని నవ్వించుకోవడం ఇష్టం లేక చెప్పలేదు. నిజంగా అంత చిన్న కారణమే.

నది మధ్యలో

పెద్ద ఇంజనీరు రాలేదు. తెల్లవారేసరికి ఆయన రాలేనంతగా నది పెరిగింది. నీళ్ళు ఎర్రగా, మొదళ్ళతో పెరికిన చెట్లను మోసుకుంటూ పోతున్నాయి. నదిలో ఒక లంక మీద కూరగాయలు పండించుకునే కుటుంబాలు చిక్కుకున్నాయని కబురొచ్చింది. పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాం. సూరిబాబు, పోషన్న, ఇంకో కళాసీ, నేను.

బజర్ వైరు తిరిగి పెట్టడానికి అప్పుడు కూడా సమయం ఉంది. రెండు నిమిషాల పని. కానీ రేవు మీద ఏఈ సారు, రెవెన్యూ మనుషులు తొందరపెడుతున్నారు. బోర్డు విప్పితే ఎందుకు విప్పుతున్నావని సూరిబాబు అడుగుతాడు. ఒక్క ట్రిప్పు పోయొచ్చాక పెడదాం అనుకున్నాను.

మొదటి ట్రిప్పు బాగానే జరిగింది. రేవులో దిగినవాళ్ళు ఇంకా సగం మంది అక్కడే ఉన్నారని ఏడుస్తుంటే వెంటనే మళ్ళీ వెళ్ళాం. రెండోసారి ఇరవై ఆరుగురు ఎక్కారు. ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు, రెండు మేకలు. ఒక అవ్వ కోళ్ళ గంప దించనంది. ఎవరూ దించమని అనలేదు.

లంక వదిలి నది మధ్యకు వచ్చేసరికి నాకు వాసన తగిలింది. కాలుతున్న రంగు వాసన. ముల్లు వైపు చూశాను. మామూలుగా ఉంది. ఆ క్షణంలో నాకు మొత్తం తెలిసిపోయింది. ముల్లు ఇరుక్కుంది, బజర్ నేనే తీశాను, ఇంజన్ కాలుతోంది.

"సూరిబాబు గారూ, ఇంజన్..." అంటుండగానే ఇంజన్ ఒక్కసారి లోపలి నుంచి తన్నినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది.

ఇంజన్ ఆగాక నది చప్పుడు ఎంత పెద్దదో తెలుస్తుంది. లాంచీ పక్కకు తిరగడం మొదలుపెట్టింది. జనం ఒకవైపుకు జరిగారు. లాంచీ ఒరిగింది. పోషన్న గట్టిగా అరిచాడు. "కూసోండ్రి! ఎక్కడోళ్ళు అక్కడ్నే కూసోండ్రి! లేస్తే అందరం మునుగుతం!"

మా దిగువన, కనిపించేంత దూరంలో, నీళ్ళలో సగం మునిగిన గుట్టబండలున్నాయి. వాటి చుట్టూ నీళ్ళు తెల్లగా లేస్తున్నాయి. లాంచీ అటే పోతోంది.

"లంగరు!" అన్నాడు సూరిబాబు. చుక్కాని పోషన్నకు అప్పగించి ముందుకు పరుగెత్తాడు. ఇంకో కళాసీతో కలిసి లంగరు ఎత్తి నదిలోకి వేశాడు. మోకు బుసకొడుతూ జారిపోయింది. ఇనుప గుంజకు చుట్టు వేస్తుండగా లంగరు అడుగున పట్టుకుంది, మోకు ఒక్కసారి బిగిసింది. ఆయన ఎడమచేయి ఆ చుట్టులో పడింది.  చేయి లాక్కుని చూసుకున్నాడు. రెండు వేళ్ళు లేవు.

తలగుడ్డ తీసి చేతికి చుట్టుకుంటూ నా వైపు తిరిగాడు. "లంగరు జారతాది. ఎంతోసేపు ఆగదు. ఇంజను చూడవయ్యా."

ఇంజన్ గుంటలోకి దిగాను. ఆవిరికి కళ్ళు కనపడలేదు. లాంచీ ఇంజన్ నది నీటినే పీల్చుకుని చల్లబడుతుంది. నీరు లోపలికి వచ్చేచోట ఒక జల్లెడ ఉంటుంది. బయటి నీరు రాకుండా కవాటం మూసి, జల్లెడ మూత విప్పాను. లోపల ఆకులు, ఒండ్రు ముద్దగా, ఇటుకలా గట్టిపడి ఉన్నాయి. నిన్న సాయంత్రం బజర్ మోగింది ఇందుకే. పొద్దున ఎర్రనీళ్ళు పని పూర్తి చేశాయి. వేళ్ళతో తవ్వి తీశాను. అరచేతులు కాలాయి.

జల్లెడ బిగించి, కవాటం తెరిచాను. కానీ ఇంజన్ అప్పుడే తిరగదు. లోపల బిగుసుకుని ఉంది, చల్లబడాలి. పైకొచ్చి ఆ మాట చెప్పాను.

"ఎంతసేపు?"

"తక్కువల తక్కువ పావుగంట."

లంగరు అప్పుడే ఒకసారి జారింది. లాంచీ గజాల కొద్దీ వెనక్కి పోయి మళ్ళీ పట్టుకుంది.  కోళ్ళ గంప అవ్వ తన చీరకొంగు చించి సూరిబాబు చేతికి ఇంకో కట్టు కట్టింది. "పట్టుకో కొడుకా, గట్టిగ పట్టుకో" అంటోంది.

అప్పుడే సూరిబాబు నన్ను అడిగాడు. "బజరెందుకు మోగలేదయ్యా?"

నేను "తెల్వదు" అన్నాను.

ఇరవై ఆరుగురు వింటుండగా, చేతికి నెత్తురు కారుతున్న మనిషి కళ్ళలోకి చూస్తూ అన్నాను. లంగరు రెండోసారి జారింది. పావుగంట ఆగలేదు, పది నిమిషాలకే బటన్ నొక్కాను. కదల్లేదు. మళ్ళీ నొక్కాను. మూడోసారికి ఇంజన్ మూలిగి, నల్లగా పొగ కక్కి, అందుకుంది. సూరిబాబు ఒక్క చేత్తో చుక్కాని పట్టాడు. మోకును పోషన్న గొడ్డలితో నరికేశాడు. బండలకు ఎంత దగ్గరగా పోయామంటే వాటి మీద చిక్కుకున్న గడ్డి కనిపించింది. ఇంజన్‌ను బతిమాలుతున్నట్టు మెల్లగా నడిపి ఆయన మమ్మల్ని ఒడ్డుకు చేర్చాడు. ఇరవై ఆరుగురూ దిగారు. మేకలు కూడా దిగాయి. ఆయన మాత్రం దిగుతూనే పడిపోయాడు.

సంతకం

సూరిబాబును వరంగల్ దవాఖానకు తీసుకుపోయారు. విచారణ వేశారు. ఏఈ సారు నన్ను పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. ఇంజన్ అదురుకు బజర్ వైరు దానంతట అదే ఊడిందని, బయలుదేరేముందు బజర్ పరీక్షించుకోవడం సరంగు బాధ్యతని, అతడు పరీక్షించలేదని అందులో ఉంది.

"సార్, మీరే తీయమన్నరు గద."

"నేనన్నట్టు కాయిదం ఉందా?" అన్నాడు. గొంతు పెంచలేదు. "మనోడివని చెప్తున్న. నీకు ఇద్దరు పిల్లలు. గాయినె ఆంధ్రాయినె, రేపో మాపో పోయేటోడు. ఉద్యమంల దెబ్బలు తిన్నోడివి, గాయిన కోసం నీ నౌకరీ పోగొట్టుకుంటవా?"

సంతకం పెట్టాను. అందులో ఉద్యమం ఊసు తెచ్చినందుకు నాకు కోపం రాలేదు. కొంచెం ఊరటగా కూడా అనిపించింది. పిరికితనానికి ఒక మంచి పేరు దొరికిన ఊరట అది. నేను సిగ్గుపడేది దీనికే.

వారం తర్వాత దవాఖానకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు. సూరిబాబు మంచం మీద కూర్చుని కుడిచేత్తో అన్నం తింటున్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు.

"కాగితం పంపారయ్యా. బజర్ నేను చూసుకోలేదంట. నిజమే, చూసుకోవాల్సింది. ముల్లు కదలట్లేదని నీకు చెప్పినప్పుడు నువ్వు విసుక్కున్నావు. నేనూ పంతానికి పోయి ఊరుకున్నాను. నీ మాటని వెక్కిరించకుండా ఉంటే నువ్వు వినేవాడివేమో. నాదీ తప్పుంది రెడ్డీ."

నేను తల వంచుకుని చెప్పేశాను. "వైరు ఊడలేదు. నేనే తీసిన. టేపు చుట్టి పెట్టిన. మీకు చెప్పలేదు. నది మధ్యల మీరు అడిగితే అబద్ధం చెప్పిన. కాయిదం మీద కూడ సంతకం పెట్టిన."

ఆయన ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.  తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఎళ్ళవయ్యా" అన్నాడు. అంతే.

ఆ మధ్యాహ్నమే విచారణ అధికారి దగ్గరికి వెళ్ళి ఇంకో వాంగ్మూలం రాసిచ్చాను. ఏఈ సారు చెప్పాడని కూడా రాశాను. ఆయన కాదన్నాడు. నా దగ్గర కాగితం లేదు కాబట్టి ఆయనకు ఏమీ కాలేదు. పైవాడు నోటితో చెప్పిన తప్పుడు పనికి కాగితం అడగండి. కాగితం ఇవ్వమంటే చాలామంది ఆ ఆజ్ఞనే వెనక్కి తీసుకుంటారు. నన్ను సస్పెండ్ చేశారు, ఆ తర్వాత ఇంక్రిమెంట్లు ఆపి పనిలోకి తీసుకున్నారు. ఇంట్లో మాటలు పడ్డాను, బంధువులు 'పరాయోని కోసం పాగలైండు' అన్నారు. సూరిబాబు మీద నింద తీసేశారు. చేయి మానాక తిరిగి అదే లాంచీ మీద వేశారు.

ప్రతి పొద్దున

ఆయన తిరిగొచ్చిన మొదటి రోజు నేను రేవులో నిలబడి ఉన్నాను. క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకుని పెట్టుకున్నాను. ఆయన పక్క నుంచి దాటి లాంచీ ఎక్కి, మీటర్ల ముందు నిలబడ్డాడు.

"మోగించు."

నేను గుంటలోకి దిగి బజర్ యూనిట్ వైరు తీసి ఇనుముకు తాకించాను. పైన బజర్ మోగింది.

"ముల్లు కదిపి చూపించు."

కదిపి చూపించాను. మీటరు కొత్తది, నా జీతంతో కొని బిగించింది. ముల్లు చల్లటి వైపు పడి, వేడి వైపు ఎగిరింది. ఆయన మూడు వేళ్ళ చేయి చుక్కాని మీద వేసి, ఇంజన్ స్టార్ట్ చేశాడు.

ఆయన పనిచేసినన్నాళ్ళూ ప్రతి పొద్దున అదే జరిగింది. ఎండైనా వానైనా, నేను అంతకుముందే పరీక్షించానని చెప్పినా సరే. నా మాటను మళ్ళీ ఎన్నడూ వెక్కిరించలేదు, నా మాట మీద మళ్ళీ ఎన్నడూ లాంచీ తీయలేదు. మొదటి ఏడాది అది నాకు ముల్లులా గుచ్చుకునేది. తర్వాత తర్వాత ఆయన అడగకముందే గుంటలో దిగి ఉండేవాణ్ణి. మేం ఆ ప్రమాదం గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మా రెండో బిడ్డకు జ్వరమొస్తే ఆయన భార్య రెండు రోజులు మా ఇంట్లో ఉంది. స్నేహమంటే స్నేహమే. కానీ వైరు విషయంలో ఆయన నన్ను క్షమించలేదు, అందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

ఆయన రిటైరై తన ఊరికి వెళ్ళే చివరి రోజు కూడా "మోగించు" అన్నాడు. విని, తల ఊపి, నడిపి, సాయంత్రం తాళంచెవి ఇచ్చి వెళ్ళిపోయాడు.

తర్వాత వచ్చిన సరంగు మహదేవ్‌పూర్ మనిషి, నాకంటే కొంచెం చిన్నవాడు. మొదటి రోజు ఎక్కీ ఎక్కగానే ఇంజన్ బటన్ మీద చేయి వేశాడు.

"ఆగు తమ్మీ" అన్నాను. "మొదలు బజర్ ఇను."

"నిన్ననే నువ్వు అంత చూసినవట గద అన్నా. నీ పని మీద నాకు నమ్మకముంది."

"నాకు లేదు" అని చెప్పి గుంటలోకి దిగాను.